రెండో బెల్లం మూట

"ఏ పిల్ల?" అని అడిగిందట కనకవ్వ.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజమల్లు ఆ మాట చెప్పి నవ్వాడు. "ఎంత ముదిరిందో సూడుండ్రి మేడం. మావోళ్లు సిరిసిల్లల దాని ఇంటికి పోయి 'పిల్లను ఏం జేసినవే' అని అడిగిండ్రు. నూలు కండెలు చుట్టుకుంట, తల గూడ ఎత్తకుంట అంటదీ, 'ఏ పిల్ల? పెద్దదా, చిన్నదా?' అని. ఈ ఇంట్ల ఉన్నదే ఒక్క పిల్ల! నాటకం గాకపోతె ఏంది గది?"

"తల ఎత్తకుండ అడిగిందా?" అన్నది కృపారాణి.

"అవు."

"నాటకమాడేటోళ్లు తల ఎత్తుతరు రాజమల్లూ. చూసేటోళ్లు చూస్తున్నరా లేదా అని."

రాజమల్లు నవ్వు అక్కడితో ఆగింది. ఎనిమిదేళ్ల కిందట అతనికి పని నేర్పింది కృపారాణే. అప్పుడామె నేరపరిశోధక విభాగంలో ఇన్‌స్పెక్టరు. పై అధికారి రాయమన్న అబద్ధపు నివేదికను రాయనన్నందుకు ఏడాదికో ఊరు తిరిగి, చివరికి ఉద్యోగాన్నే వాళ్ల మొహాన కొట్టి, జగిత్యాలలో సొంతంగా పరిశోధనలు చేస్తున్నది. యాభై ఆరేళ్లు. నేర్పినవాళ్లను క్షమించడం ఎవరికైనా కష్టమే. అందులోనూ రాజమల్లు ఆ ప్రయత్నం కూడా చేయలేదు.

జరిగింది ఇది. కోరుట్లలో పేరున్న భూస్వాముల ఇల్లు. ఇంటి పెద్ద ఇందిరాదేవి, కొడుకు అర్జున్ రావు, కోడలు భవ్య. వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు నీల తెల్లవారేసరికి మంచంలో లేదు. ఎనిమిదింటికి భవ్య కృపారాణికి ఫోన్ చేసింది. "మేడం, నా బిడ్డ పోయింది. పోలీసులకు చెప్పనియ్యని మాట ఒకటున్నది, మీరు వస్తె చెప్త" అన్నది. ఆ వెంటనే ఫోన్ ఎవరో లాక్కున్నారు. తొమ్మిదింటికి అర్జున్ రావు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. సకల జనుల సమ్మెలో బస్సులు లేవు. కృపారాణి తెలిసినవాళ్ల మోటార్ సైకిల్ వెనుక కూర్చొని, మూడు రాస్తారోకోలు దాటి, పదకొండింటికి చేరింది. భవ్య అప్పటికే మేడమీద ఒళ్లు తెలియని నిద్రలో ఉంది. "ఆమె తట్టుకోలేకపోతున్నది, ఇంజక్షన్ ఇచ్చిన" అన్నాడు డాక్టర్ సుగుణాకర్. జగిత్యాలలో సంతాన కేంద్రం నడుపుతున్న మనిషి. పదేళ్లు పిల్లల్లేని భవ్యకు నీల పుట్టింది ఆయన వైద్యం వల్లనే. "కబురు తెలిసి పదింటికి వచ్చిన" అని చెప్పి, పన్నెండింటికి వెళ్లిపోయాడు. ఆయన కారు బయటికి పోగానే రాజమల్లు గేటుకు తాళం వేయించాడు.

"పనోళ్లను అడిగేదాక ఎవలూ బయటికి పోవద్దు. మీరు గూడ, మేడం."

"నన్నెందుకు?"

"మీరు బయటికి పోతె పేపరోళ్లకు చెప్తరు. ఇప్పటికే బయట సమ్మె శిబిరం ఉన్నది. దొర ఇంట్ల పిల్ల పోయిందంటె ఇంకింత మంది జమైతరు."

ఇప్పుడు రెండు దాటింది. కరెంటు లేదు. వాకిట్లో కుర్చీలో అర్జున్ రావు తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అడిగినదానికి తప్ప నోరు విప్పలేదు. రాజమల్లుకు పింగాణీ కప్పులో, సాసరుతో సహా, చాయ్ వచ్చింది. కృపారాణికి ప్లాస్టిక్ గ్లాసులో వచ్చింది. ఆ ఇంట్లో కప్పులకు కొరత లేదు. ఆమె గ్లాసును ముట్టుకోకుండా పక్కన పెట్టింది. ఎవరికి ఏ పాత్రలో పోయాలో ఇంత జాగ్రత్తగా ఎంచే ఇల్లు, ఎవరిని ఎక్కడ ఉంచాలో కూడా అంతే జాగ్రత్తగా ఎంచుతుంది.

"కనకవ్వ మీద నీకెందుకు అనుమానం?"

"అయిదేండ్లు ఈ ఇంట్ల ఆయాగ చేసింది. పోయినేడు పనిలకెల్లి తీసేసిండ్రు. పగ పట్టింది."

"సిరిసిల్ల ఇక్కడికి అరవై కిలోమీటర్లు. ఒక్క బస్సు లేదు. ఎట్ల వచ్చింది? ఎట్ల తీసుకపోయింది?"

"దాని మనిషి ఎవడో ఈడనే ఉన్నడు. పిల్ల ఊరు దాటలే. రోడ్డు మీద ఆడోళ్లు చీకటుండంగనే వంటా వార్పు పెట్టిండ్రు. నేనే పోయి ఫొటో చూపెట్టి అడిగిన. ఒంటరిగ పోతున్న పిల్లను చూసిండ్రా, మగోడు ఎంబడి తీస్కపోతున్న పిల్లను చూసిండ్రా అని. ఒక్కలు గూడ చూడలే."

"నువ్వు అడిగినదానికి జవాబు చెప్పిండ్రు," అన్నది కృపారాణి లేస్తూ. "నేను మేడమీద గదులు చూడాలె."

నీల గదిలో వింతగా ఏమీ లేదు. అదే వింత. మంచం కింద బడి బూట్లు, చెప్పులు, ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు వరుసగా ఉన్నాయి. ఎత్తుకుపోయేవాడు చెప్పులు తొడగడు, నిజమే. కాని ఎత్తుకుపోయేవాడు దుప్పటి మడత పెట్టడు. ఇక్కడ దుప్పటి నాలుగు అంచులూ కలిపి మడిచి ఉంది. పిల్ల తనంతట తాను లేచింది, చప్పుడు కాకుండా వట్టి కాళ్లతో వెళ్లింది. గోడకు అద్దాల చట్రంలో సంతాన కేంద్రం ప్రకటన: మూడేళ్ల నీల బొద్దుగా నవ్వుతూ, కింద 'మా తొలి పంట' అన్న అక్షరాలు. జగిత్యాల బస్టాండు ముందు ఇదే బొమ్మ రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. ఆ దారిన పోయే పిల్లల్లేని ఆడవాళ్లు ఒక్క క్షణం తల ఎత్తి చూడకుండా పోరు.

పక్కన మరొక తలుపు. గడియ బయటి వైపు ఉంది, పైన, పెద్దవాళ్ల చేయి మాత్రమే అందేటంత ఎత్తున. గడియ తీసే ఉంది. తలుపు ముందు ఒక ముక్కాలిపీట.

"అది సామాన్ల గది," అన్న గొంతు వెనుక నుంచి వినిపించింది. ఇందిరాదేవి మెట్లెక్కి వచ్చింది. డెబ్బై ఏళ్లు, నిటారుగా నిలబడ్డ మనిషి. "అండ్ల చూసెటందుకు ఏం లేదు."

"సామాన్లే అయితే చూస్తే తప్పేమున్నది ఇందిరాదేవి గారూ?"

ఆ ఇంట్లో ఆమెను దొరసాని అనకుండా పేరు పెట్టి పిలిచిన మనిషి చాలా ఏళ్లకు వచ్చింది. ముసలావిడ పెదవులు బిగుసుకున్నాయి. కృపారాణి అప్పటికే గది లోపల ఉంది.

పాత సామాన్ల గదిలో దుమ్ము ఉండాలి. ఇక్కడ నేల ఈ పొద్దున కూడా తడిగుడ్డతో తుడిచి ఉంది, ఫినాయిలు వాసన పోలేదు. మూలన రెండు ట్రంకు పెట్టెలు హడావిడిగా తెచ్చి పెట్టినవి. వాటి కింద తడి ఆరలేదు. కిటికీకి ఇనుప జాలీ, జాలీకి లోపలి నుంచి మందపు గుడ్డ. గోడకు ఒకచోట, నేల నుంచి జానెడున్నర ఎత్తులో, సున్నం నూనె పట్టి నల్లగా మెరుస్తున్నది. కూర్చోవడానికి కూడా గోడ ఆసరా కావలసిన మనిషి తల, ఏళ్ల తరబడి, అక్కడే ఆనితే పడే మచ్చ. దాని పక్కనే రంగు సుద్దతో అ, ఆ, ఇ, ఈ. అక్షరాలు బడిపిల్ల రాసినవే. కాని బడిపిల్ల నిలబడి రాసే ఎత్తులో లేవు. నేల మీద బోర్లా పడుకుని, పక్కనున్న ఎవరికో చూపిస్తూ రాసినవి.

ట్రంకు పెట్టె వెనుక నుంచి కృపారాణి ఒక చిన్న వెండి గిన్నె తీసింది. ఒకవైపు కొసదేరిన మూతి. ఉగ్గు గిన్నె. లోపల ఆరిన రాగిజావ.

"ఈ ఇంట్ల అందరికన్నా చిన్న పిల్ల నీల. ఎనిమిదేండ్లు. ఉగ్గు గిన్నెల జావ తాగుతదా?"

ఇందిరాదేవి వెనక్కి తిరిగింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. తొందరపడకుండా దిగింది. తొందరపడటం ఆ ఇంటివాళ్లకు నేర్పలేదు.

గొడ్లకొట్టం దగ్గర బక్కయ్య గడ్డి కోస్తున్నాడు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ల జీతగాడు. కృపారాణి అతని ఎదుట నేలమీదే కూర్చున్నది. రాజమల్లు నిలబడి విన్నాడు.

"కనకవ్వ గట్టిదా బక్కన్నా? దొంగ బుద్ధి ఉన్నదా?"

"అయ్యో, ఎవలన్నరు తల్లీ? గట్ల అంటె కండ్లు పోతయి. పొల్లను కన్నతల్లి లెక్క చూసుకున్నది. పోయినేడు సమ్మక్క జాతరకు బంగారం మూటలు మేమిద్దరమే కట్టినం."

మేడారం జాతరలో బంగారమంటే బెల్లమే. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తో, తమ పిల్లల ఎత్తో కాంటాలో తూచి, అంత బెల్లం తల్లుల గద్దెల దగ్గర అప్పగిస్తారు. మనిషిని మోసం చేసినవాళ్లు ఈ నేల మీద చాలామంది ఉన్నారు. ఆ కాంటాలో ఒక గుప్పెడు తక్కువ వేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"మూటలా?" అన్నది కృపారాణి. "ఎన్ని?"

"రెండు. పెద్దది నీలమ్మది. నా నెత్తి మీదనే పెట్టుకొని మోసిన. సిన్నది దొరసాని ఎవ్వలికీ ఇయ్యలే. మేడారం దాక ఒళ్లె పెట్టుకొని కూసున్నది."

"చిన్నది ఎవరి ఎత్తు?"

బక్కయ్య చేతిలో కొడవలి ఆగింది.

"పది కిలలు గూడ ఉండది," అన్నాడు. "కాంటా మేడమీదికి నేనే ఎక్కించిన. నన్ను కిందికి పొమ్మన్నరు. తలుపు మూసి తూసిండ్రు. నన్ను అడగకుండ్రి తల్లీ. ఈ ఇంటి ఉప్పు తిన్న."

"ఉప్పు తిన్నవ్ గని నోరు తినలేదు గదా," అన్నాడు రాజమల్లు, కాని అతని గొంతులో మునుపటి వేడి లేదు. కృపారాణి వైపు తిరిగాడు. "ఏంది మేడం ఇది? ఎవల మూట?"

"కనకవ్వ నిన్ను అడిగిన ప్రశ్న గదే. పెద్దదా, చిన్నదా? ఈ ఇంట్ల ఇద్దరున్నరు రాజమల్లూ. ఇద్దరూ పోయిండ్రు. నువ్వు ఒక్కదాన్నే వెతుకుతున్నవ్."

ఇందిరాదేవి పూజగదిలో కూర్చుని ఉంది. కృపారాణి గడప ఇవతల నిలబడింది. లోపలికి రమ్మని ఆవిడ అనలేదు, ఈమె ఆశించలేదు.

"చిన్నదానికి ఎన్నేండ్లు?"

"రెండూ ఒక్క కాన్పే," అన్నది ఇందిరాదేవి. బొంగురు గొంతులో కూడా ఆజ్ఞ ఉంది. "డాక్టరు నాలుగు పిండాలు పెట్టిండట. ఒకటన్న నిలువకపోతదా అని. మూడు నిలిచినయి. ఏడో నెలలనే కాన్పు. ఒకటి ఆ పూటనే పోయింది. నీల లేచింది. అది లేవలే."

"ఎవరికి చూపించిండ్రు?"

"సుగుణాకర్‌కే."

"ఇంకెవరికి?"

"ఇంకొకలకు ఎట్ల చూపియ్యాలె? గాజు గొట్టాలల్ల పుట్టిన పిల్లలు గిట్లనే అవిటిగ పుడుతరు అనరా మంది? రేపు నీల మొహం ఎవడు చూస్తడు? ఆయనే అన్నడు, దీన్ని బయట పెట్టకుండ్రి, మందు నేనిస్త అని."

"ఏం మందు?"

"ఫిట్సు రాకుంట. ఏడ్వకుంట."

"ఏడ్వకుండనా?"

"ఇంటికి మంది అచ్చినప్పుడు ఇంకో రెండు మూతలు ఎక్కువ పొయ్యమన్నడు."

కృపారాణికి కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది. "అదే వైద్యం. అదే దినం. అదే గర్భం. నీల బడికి పోయి మీ వంశం పేరు నిలబెడుతున్నది గదా, గాజు గొట్టం ఆ పిల్లనేం చేసింది? తన పేరు పెరగాలని నాలుగు పెట్టినవాడు చేసిండు మొదటి తప్పు. నెలలు నిండక పుట్టిన బిడ్డ మెడ నిలబెట్టలేకపోతే నిలబెట్టించే వైద్యం ఉన్నది. మాట రాకపోతే మాట నేర్పేటోళ్లు ఉన్నరు. ఒక పిల్లను బడికి పంపిండ్రు, ఇంకో పిల్లను గదికి పంపిండ్రు. ఎనిమిదేండ్లు మత్తు మందు తాగిస్తే నీల కూడ గోడకు తల ఆనించుకునే ఉండేది."

ఇందిరాదేవి కళ్లు మూసుకున్నది. పశ్చాత్తాపమో, అవమానమో తెలుసుకునే సమయం కృపారాణికి లేదు.

"మందు ఎప్పుడు అయిపోయింది?"

"నాలుగు దినాలాయె. సమ్మె. తెచ్చేటోడు లేడు."

జవాబు మేడమీది నుంచి కూడా వచ్చింది. భవ్య మెట్ల మీద, పక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కూలబడి ఉంది. ఇంజక్షన్ మత్తులో నాలుక తడబడుతున్నది. మాట మాత్రం తడబడలేదు.

"మందు ఆగినంక నా చిన్నది కండ్లు తెరిచి చూసింది మేడం. ఎనిమిదేండ్లల్ల మొదటిసారి. నీ... ల అన్నది. నీల ఒకటే ఉరుకుడు, 'అమ్మా నన్ను పిలిచింది' అని. మొన్నటికెల్లి ఫిట్సు షురువైనయి. రాత్రి మూడుసార్లు. 'దవాఖానకు తీసుకపోదాం' అన్న. ఎవలూ కదల్లే. నీల తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది."

"తెల్లారి తనే తీసుకపోయింది," అన్నది కృపారాణి.

రాజమల్లు తల విదిలించాడు. "ఎట్ల మేడం? రోడ్డు నిండ ఆడోళ్లున్నరు. ఒక్కలకూ కనపడకుంటనా?"

"అందరికీ కనపడింది. నువ్వు అడిగింది ఒంటరి పిల్లను. ఫొటోల ఉన్నది బూట్లు, టై. చెప్పుల్లేని కాళ్లతో, చంకల చిన్నపిల్లను వేసుకుని పోయే అక్క ఈ ఊర్ల ఎవరి కంట పడుతది? ప్రతి వాడకట్టుకు పది మంది ఉంటరు. దొర బిడ్డ అట్ల పోతదని ఎవరన్న అనుకుంటరా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గేటుకు తాళం ఉంది, ప్రహరీగోడకు లేదు. గోడ పక్కన బోర్లించిన గంప మీదికి ఎక్కి బయటికి చూసింది. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద డేగిసాలో అన్నం, నడుమ నిన్నటి బతుకమ్మలు. ఒకావిడ గరిటెతో అన్నం కలుపుతున్నది.

"అవ్వా, నీ పేరేంది?"

"సత్యవ్వ. ఏంది, పోలీసోళ్లు లోపలేసిండ్రా నిన్ను?"

"వేసిండ్రు. పొద్దుగాల నుంచి మీరు ఈడనే ఉన్నరా?"

"ఉన్నం. ఒంటరి పిల్ల రాలేదని ఆయనకు చెప్పినం గదా, మళ్ల అడుగుడేంది? మా నోట్లె నాలుకలు అరిగిపోవాల్నా?"

"ఒంటరి పిల్లను అడుగుతలేను. చంకల పిల్లను ఎత్తుకున్న పిల్లను అడుగుతున్న."

సత్యవ్వ గరిటె ఎత్తి పట్టుకుని ఆలోచించింది. "ఆ... వచ్చింది. పాపం. సంకల పిల్ల తల వాలేసింది, నోట్లెకెల్లి నురుగు. 'పెద్ద దవాఖాన ఎటు అవ్వా' అని అడిగింది. నడిచి యాడికి పోతవు బిడ్డా అంటిమి. గప్పుడే డాక్టరు కారు అచ్చె. మేమే ఆపినం. దండం పెట్టి ఎక్కించినం. పెద్దపిల్ల ఎక్కనంటె ఎక్కనని ఒకటే ఏడ్పు. నేనే రెక్క పట్టి కూసోబెట్టిన."

కృపారాణి గోడ మీదికి ఇంకా వంగింది. "ఏ వేళకు?"

"పొయ్యిల మంట పెట్టిన యాళ్ల. ఏడు గాలే."

"కారు ఎటు నుంచి వచ్చింది?"

"జగిత్యాల దిక్కుకెల్లి అచ్చె, మళ్ల అటే మర్లె. ఏమాయె అక్కా? ఆయనే పదింటికి మల్లచ్చి మీ గేట్లెకే పోయె గదా! పిల్లలెట్లున్నరని మేం అడిగితె, బాగున్నరు అన్నడు."

గోడ ఇవతల రాజమల్లు విన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. అంతలోనే అది అతని చేతిలో మోగింది. పేరు చూసి, కృపారాణికి చూపించాడు. డాక్టర్ సుగుణాకర్.

ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. గంప దిగి, ఇంట్లో మెట్ల దగ్గరికి నడుస్తూ, స్పీకర్ నొక్కమని సైగ చేసింది.

"సీఐ గారూ, శుభవార్త!" డాక్టరు గొంతు వెచ్చగా, నిండుగా ఉంది. "నీల దొరికింది. మల్యాల దగ్గర రోడ్డు పక్కన ఏడ్చుకుంటూ కూర్చున్నది. అర్జున్ రావుకు చెప్పండి, పిల్ల క్షేమం."

మెట్ల మీద భవ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోరుట్ల నుంచి మల్యాల జగిత్యాల దాటిన తర్వాత. ఎనిమిదేళ్ల పిల్ల, వట్టి కాళ్లతో, ఒక పొద్దులో పోగల దూరం కాదు.

"ఒక్కతేనా సార్?" అన్నాడు రాజమల్లు. ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషే, గొంతు మామూలుగానే ఉంచాడు.

"ఒక్కతే. ఇంకెవరుంటరు?"

కృపారాణి ఫోన్ మీదికి వంగింది. "డాక్టర్ గారూ, మంచి కబురు చెప్పిండ్రు. వాళ్లమ్మ లేచింది, ఒక్క మాట బిడ్డ గొంతు వినాలంటున్నది."

"నిద్రపోతున్నది. బాగా జడుసుకున్నది, ఇంజక్షన్ ఇచ్చిన."

"ఎప్పుడు లేస్తది?"

"రేపు పొద్దటిదాక లేపవద్దు. నేనే తీసుకొస్త." ఆయనే మళ్లీ అందుకున్నాడు. "లేచినంక ఏమన్న మాట్లాడినా పట్టించుకోకండి. భయంల పిల్లలు లేనివి ఉన్నట్టు చెప్తరు. అది మామూలే."

ఫోన్ తెగింది. రాజమల్లు వెంటనే తిరిగి చేశాడు. ఆపేసి ఉంది. మళ్లీ చేశాడు. ఆపేసి ఉంది.

చిన్నదాని నెత్తురు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఒక్కసారి పరీక్ష చేస్తే, ఎనిమిదేళ్లుగా తాగించిన మందు బయటపడుతుంది. ఆ రెండంతస్తుల బొమ్మ నేలమట్టం అవుతుంది. ఆ పిల్ల పుట్టినట్టు కాగితం లేదు. ఫిట్సు మందు ఒక్కసారిగా ఆపినా ప్రాణం పోతుంది, ఎక్కువ పోసినా పోతుంది. ఎట్లా పోయినా అడిగేవాడు లేడు. ఆ కారులో జరిగింది చూసిన ఒకే ఒక్క సాక్షి కూడా ఇప్పుడు అదే సూది కింద నిద్రపోతున్నది.

"ఒక లెక్క కుదరడం లేదు," అన్నది కృపారాణి, వాకిట్లోకి నడిచి. "పోలీసులకు మీరు చెప్పింది తొమ్మిదింటికి. డాక్టరు ఏడు కాకముందే ఈ ఇంటి ముందట ఉన్నడు. జగిత్యాలల ఉన్న మనిషికి, పిల్లలు గడప దాటిన సంగతి ఎవరు చెప్పిండ్రు?"

అర్జున్ రావు తల ఎత్తాడు. పొద్దుటి నుంచి మొదటిసారి అతని కళ్లు ఎవరినో చూశాయి. భార్యను.

"నేనే," అన్నాడు. "ఆరింటికి గది ఖాళీ ఉన్నది. ఆయనకే ఫోన్ చేసిన. ఇద్దరు బయట పడ్డరు, ఎవలన్న చూడకముందే తెచ్చియ్యి అన్న. తొమ్మిదింటికి ఫోన్ చేసి దొరకలే అన్నడు. నేను నమ్మిన. నమ్మిన భవ్యా."

"మీకు పిల్లలు దొరకాలని లేకుండె," అన్నది కృపారాణి. "ఎవరికీ కనపడవద్దని ఉండె. ఆయన మీరు అడిగిందే చేసిండు."

అర్జున్ రావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పూజగది గడప మీద ఇందిరాదేవి నిలబడి ఉంది. "సీఐ గారూ," అన్నది, గొంతు కూడగట్టుకుని. "నీల దొరికింది. ఇగ చాలు. ఇంటి సంగతి ఇంట్ల..."

"రెండో ఫిర్యాదు రాసుకోండ్రి," అన్నది భవ్య.

ఆమె మెట్లు దిగుతున్నది. ఒక్కో మెట్టు మీద ఆగి, గోడను పట్టుకుని, మళ్లీ దిగుతున్నది. రాజమల్లు అత్తను చూశాడు, కోడలిని చూశాడు. జేబులోంచి పెన్ను తీసేముందు ఒక్క క్షణం అతని చేయి ఆగింది. ఆ ఒక్క క్షణంలో అతని ఉద్యోగం, అతని పై అధికారులకు ఈ ఇంటితో ఉన్న దోస్తీ, అన్నీ అతని మొహం మీదుగా నడిచి వెళ్లడం కృపారాణి చూసింది. పెన్ను బయటికి వచ్చింది.

"వయసు?"

"ఎనిమిది."

"గుర్తులు చెప్పుండ్రి."

"ఎడమ చెయ్యి పిడికిలి విప్పదు. నీల పాట పాడితె విప్పుతది. నవ్వితె ఒక్క పక్కనే నవ్వుతది."

"పేరు?"

భవ్య నోరు తెరిచింది. ఆమె భర్తను చూసింది. భర్త నేలను చూశాడు. ఇరవై ఒకటో దినం ఆ ఇంట్లో పేరు పెట్టే తొట్టెల కట్టారు, ఊరంతటికీ భోజనాలు పెట్టారు, తొట్టెలలో ఒక్క పిల్లనే వేశారు.

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. రాజమల్లు గొంతు ఈసారి శిష్యుడి గొంతులాగే ఉంది. "పేరు లేని పిల్లకు కేసు ఎట్ల రాయాలె మేడం?"

"ముందు జీపు తియ్యి రాజమల్లూ," అన్నది కృపారాణి, భవ్య చేయి పట్టుకుని. "పేరు తొవ్వల పెడదాం."